ఆగని అలారం

కారు అలారానికి దొంగ ఎవరో, యజమాని ఎవరో తెలియదు. తలుపు తెరుచుకుందా, బండి అదిరిందా, బ్యాటరీ వోల్టేజీ పడిపోయిందా అన్న రెండు మూడు సంగతులే దానికి తెలుస్తాయి. వాటిలో ఏది జరిగినా దొంగ పడ్డట్టే లెక్క. ఒక్కోసారి అది ఆగకుండా మోగడానికీ మూలం ఇక్కడే ఉంది.

దీని పూర్వీకురాలు ఇంటి తలుపుకు కట్టిన గంట. 1853లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఆగస్టస్ రస్సెల్ పోప్ విద్యుత్తుతో పనిచేసే దొంగగంటకు పేటెంటు పొందాడు. తలుపో కిటికీయో తెరిస్తే సర్క్యూట్ పూర్తయ్యేది, విద్యుదయస్కాంతం సుత్తిని ఆడించి గంట కొట్టించేది. అదే కిటుకు తర్వాత కార్లలోకీ వచ్చింది. చాలా కార్లలో తలుపు తీసి బందుల వైపు చూస్తే రబ్బరు తొడుగులో చిన్న మేకులాంటి స్విచ్ కనిపిస్తుంది. తలుపు మూసి ఉన్నంతసేపూ అది లోపలికి అణిగి ఉంటుంది. తెరవగానే స్ప్రింగు దాన్ని బయటికి నెట్టి, తీగను కారు బాడీకి తగిలిస్తుంది. బాడీ అంతా బ్యాటరీ నెగటివ్‌కే కలిపి ఉంటుంది కనుక సర్క్యూట్ పూర్తి కావడానికి అది చాలు. కొత్త కార్లలో ఈ స్విచ్ తాళంలోనే ఇమిడిపోయింది.

అదురును పట్టేది షాక్ సెన్సార్. అందులోని పైజోఎలక్ట్రిక్ బిళ్ల కాస్త వంగితే చాలు, రవ్వంత వోల్టేజీ పుడుతుంది. రాయితో అద్దం పగలగొట్టినా, దీపావళికి పక్కన లక్ష్మీబాంబు పేలినా ఆ బిళ్లకు ఒకటే. అందుకే పండగ రాత్రి వీధిలో ఒక బాంబుకు నాలుగు కార్లు కేకలు పెడతాయి. వోల్టేజీని గమనించే పాత అలారాల తంటా వేరు. తలుపు తీస్తే లోపలి దీపం వెలిగి వోల్టేజీ కాస్త తగ్గుతుంది, అదే వాటికి ఆనవాలు. రేడియేటర్‌కు కరెంటు ఫ్యాన్లు వచ్చాక చిక్కు మొదలైంది. ఇంజిను ఆపిన తర్వాత వేడి దించడానికి ఫ్యాను దానంతటదే తిరిగితే, ఆ వోల్టేజీ తగ్గుదలనూ దొంగ ఖాతాలోనే వేసేవి.

అసలు కారు అలారం అదేపనిగా మోగేలా తయారు కాదు, కాసేపటికి ఆగిపోతుంది. న్యూయార్క్ నగరంలోనైతే 3 నిమిషాల్లో ఆగాలని చట్టమే ఉంది. కాబట్టి ఆగడం లేదనిపించే అలారం చాలాసార్లు నిజానికి ఆగి మళ్లీ మొదలవుతున్నదే. లోపల ఏదో ఒక స్విచ్ ఇంకా ‘తెరిచే ఉంది’ అని చెబుతోందన్నమాట. ముందుగా అనుమానించాల్సింది తలుపు స్విచ్ లాంటిదే అయిన బానెట్ స్విచ్‌ని. వేడి, దుమ్ము, వాననీరు మూడూ దాని మీదే పడతాయి. తుప్పు పట్టి బిగుసుకున్నా, బానెట్ సరిగ్గా కూర్చోక అది పూర్తిగా అణగకపోయినా పేచీ తప్పదు. ఎలుకలు కొరికిన తీగ బాడీకి తగులుతున్నా ఇదే గోల.

మోత ఆపడానికి మొదట రిమోట్ నొక్కాలి. పలకకపోతే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. అప్పుడు తాళంచెవితో తలుపు తీసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలా కార్లు నోరు మూస్తాయి. బయట దుకాణంలో బిగించిన అలారమైతే డాష్‌బోర్డు కింద దాచిన చిన్న మీట ఉండొచ్చు. అదీ దొరక్కపోతే సైరన్ ఫ్యూజు తీయాలి.

చాలామంది కంగారులో చేసే పని బ్యాటరీ టెర్మినల్ ఊడదీయడం. కొన్ని సైరన్లకు ఇంతకంటే కోపం తెప్పించే పని లేదు. తీగలు కోసే దొంగ కోసం వాటి పొట్టలో సొంత బ్యాటరీ ఉంటుంది. బయటి కరెంటు పోగానే దాని మీద మోగడం మొదలుపెడతాయి. అలాంటి సైరన్‌కు తాళంచెవి పెట్టే రంధ్రం ఉంటే ముందు దాన్ని తిప్పి, ఆ తర్వాతే టెర్మినల్ తీయాలి. ఏళ్లు గడిచాక ఈ సొంత బ్యాటరీ కారి సర్క్యూట్ బోర్డును తినేస్తుంది. అప్పుడు ఏ స్విచ్ తప్పూ లేకుండానే సైరన్ అర్ధరాత్రి అరుస్తుంది. దానికి మందు సైరన్ మార్చడమే.

మోత ఆగాక మూలం వెతకాలి. బానెట్ స్విచ్‌ను వేలితో నాలుగుసార్లు నొక్కి వదిలితే బిగుతు తెలిసిపోతుంది. తుప్పు గీకి శుభ్రం చేసినా లాభం లేకపోతే దాని కనెక్టర్ ఊడదీసి, ఒక రాత్రి అలారం వేసి చూడాలి. తీగ బాడీకి తగిలితే మోగే రకమైతే, ఆ రాత్రి నిశ్శబ్దంగా గడిస్తే దోషి దొరికినట్టే. అదురుకే మోగుతుంటే షాక్ సెన్సార్ మీది స్క్రూను కొద్దిగా తిప్పి సున్నితత్వం తగ్గించాలి.

వినీ వినీ జనం ఈ మోతను పట్టించుకోవడం మానేశారు. దొంగను ఆపే బాధ్యత మెల్లగా మోతలేని ఇమ్మొబిలైజర్‌కు బదిలీ అయింది. తాళంచెవి తలలో బ్యాటరీ లేని చిప్ ఒకటి ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ నుంచి శక్తి తీసుకుని అది తన కోడ్ చెబుతుంది. కోడ్ కలవకపోతే ఇంజిను నడవదు. యూరోపియన్ యూనియన్ 1998 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేసింది.