రంగు నుండి బూడిదవన్నెకు: మొబైల్ యాప్ కోడ్‌లో గ్రేస్కేల్ మార్పు – రాయలసీమ పరిశోధన ఛాయాచిత్రాలు

వ్యాససంగ్రహం: క్షేత్రపర్యటనలో మొబైల్ ఫోన్‌తో తీసిన రంగుల ఛాయాచిత్రాలను యాప్‌లు గ్రేస్కేల్‌లోకి ఎలా మారుస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ మార్పులో ఏ వివరం నిలుస్తుందో, ఏది మరుగవుతుందో కర్నూలు, కడప ప్రాంతాల శిలాచిత్రాలు, శాసనాలు, తాళపత్రాలను దృష్టిలో ఉంచుకొని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గ్రేస్కేల్, మొబైల్ యాప్, శిలాచిత్రాలు, శాసనం, తాళపత్రం, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

నేను పరిశోధకుడిగా ఉన్న రోజులలో ఒక పల్లెలోని గుడి మండపంలో ఉన్న శాసనాన్ని ఫోన్‌లోని ఒక స్కానింగ్ యాప్‌తో చిత్రించాను. భక్తులు రాతికి పసుపు పూయగా, అది చెక్కిన అక్షరాల లోతులలో నిలిచి, బూడిదరంగు రాతిపై అక్షరాలు పసుపుపచ్చగా కంటికి స్పష్టంగా కనిపించాయి. యాప్ ఆ చిత్రాన్ని తనంతట తానే నలుపు తెలుపుగా మార్చి భద్రపరచింది. రంగుల మూలం మిగలలేదు. ఇంటికి వచ్చి చూస్తే చివరి రెండు పంక్తులు లేవు. కొన్ని నెలల తరువాత మళ్లీ వెళ్లేసరికి ఆ స్తంభానికి సున్నం వేసి ఉన్నారు.

అక్షరం రాతి మీద ఉంది, కంటికి కనిపించింది, చిత్రంలో లేదు. ఇది ఎలా సాధ్యమని వెదికినప్పుడు సమాధానం శాసనశాస్త్రంలో కాక నాలుగు వరుసల కోడ్‌లో దొరికింది.

2. మూడు అంకెలు ఒక అంకెగా

ఫోన్‌లోని రంగుల చిత్రంలో ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు ఉంటాయి. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉండవచ్చు. గ్రేస్కేల్‌లో ఈ మూడింటి స్థానంలో ఒకే అంకె మిగులుతుంది: 0 నలుపు, 255 తెలుపు, నడుమ ఉన్నవన్నీ బూడిదవన్నెలు. మూడు అంకెలతో ఏర్పడగల రంగులు 1,67,77,216. బూడిదవన్నెలు 256 మాత్రమే. అంటే సగటున 65,536 రంగులు ఒక్క వన్నెలో కలిసిపోతాయి. ఏ రంగులు ఏ వన్నెలో కలవాలన్నది సూత్రం నిర్ణయిస్తుంది.

మూడు అంకెల సగటు తీసుకోవడం అన్నింటికంటే సులభం. అయితే మనిషి కన్ను ఆకుపచ్చను ఎక్కువ వెలుగుగా, నీలాన్ని తక్కువ వెలుగుగా గ్రహిస్తుంది. కనుక 1982లో వెలువడిన టెలివిజన్ ప్రమాణం రెక్ 601లో ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 పాళ్లు ఉన్నాయి. మనదేశంలో రంగుల ప్రసారం మొదలైనదీ ఆ ఏడాదే. ఆ ప్రసారాలను ఇంట్లోని పాత నలుపు తెలుపు టీవీలో చూసినవారందరూ ఈ లెక్క ఫలితాన్ని చూసినవారే. 1990 నాటి రెక్ 709 ప్రమాణంలో ఈ పాళ్లు సుమారు 0.213, 0.715, 0.072గా మారాయి.

పసుపు పూసిన భాగం విలువలు 220, 180, 40 అనుకొందాం. 601 పాళ్లతో దాని వన్నె 176. రాయి మూడు విలువలూ 176 అయిన మామూలు బూడిదరంగుదైతే దాని వన్నె కూడా 176. నా రెండు పంక్తులు పోయినది ఇక్కడే. అదే చిత్రంలో నీలం విలువను మాత్రమే తీసుకొని ఉంటే పసుపు 40గా, రాయి 176గా నిలిచి, లేత రాతిపై నల్లని అక్షరాలు కనిపించేవి.

3. కోడ్‌లో జరిగేది

ఆండ్రాయిడ్‌లో ఎక్కువమంది అనుసరించే మార్గం కలర్‌మ్యాట్రిక్స్‌లో సెట్‌శాచురేషన్ విలువను సున్నా చేయడం. అది 709 పాళ్లను వాడుతుంది. ఓపెన్‌సీవీ గ్రంథాలయంలోని మార్పు 601 పాళ్లను వాడుతుంది. రెండు యాప్‌లలో ఒకే చిత్రం రెండు రకాలుగా రావడానికి ఇది ఒక కారణం. వేగం కోసం కొందరు దశాంశాలను విడిచి ఎరుపును 77తో, ఆకుపచ్చను 150తో, నీలాన్ని 29తో గుణించి, మొత్తాన్ని 256తో భాగిస్తారు; ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

ఓపెన్‌సీవీ రంగులను సాధారణంగా నీలం, ఆకుపచ్చ, ఎరుపు అనే క్రమంలో చూస్తుంది. ఆండ్రాయిడ్ బిట్‌మ్యాప్ నుండి వచ్చే చిత్రం మాత్రం ఎరుపుతో మొదలవుతుంది. ఈ తేడాను గమనించకుండా కోడ్ రాస్తే ఎరుపు, నీలాల పాళ్లు తారుమారవుతాయి. చిత్రం బూడిదరంగులోనే వస్తుంది కాబట్టి తప్పును ఎవరూ పట్టుకోరు.

సెట్‌శాచురేషన్‌తో చిత్రం నలుపు తెలుపుగా కనిపించినా ప్రతి పిక్సెల్‌కు నాలుగు బైట్లు అలాగే ఉంటాయి. 4000 × 3000 పిక్సెళ్ల చిత్రం జ్ఞాపకంలో 4.8 కోట్ల బైట్లు ఆక్రమిస్తుంది. ఒకే అంకెగా నిజంగా మార్చితే 1.2 కోట్లు చాలు. స్కానింగ్ యాప్‌లు గ్రేస్కేల్‌ను కోరుకోవడానికి ఈ పొదుపు ఒక కారణం. అచ్చు కాగితంపై నల్లని అక్షరాలకు రంగు అవసరం లేకపోవడం మరొకటి. బిల్లులు, రసీదుల కోసం చేసిన ఏర్పాటుతో మనం శాసనాలు తీస్తున్నాం.

4. ఎర్రబొమ్మ, ఎర్రబండ

కడప జిల్లా ముద్దనూరు మండలం చింతకుంటలో, ఉమ్మడి కర్నూలు జిల్లా కేతవరంలో ప్రాచీన శిలాచిత్రాలు ఉన్నాయి. ఎర్రని రంగుతో గీసిన ఇటువంటి బొమ్మల విషయంలో చిక్కు మరీ ఎక్కువ. బొమ్మకూ బండకూ వెలుగులో తేడా స్వల్పం. తేడా అంతా రంగులోనే. వివరణ కోసం బొమ్మ విలువలు 150, 80, 65గా, బండ విలువలు 110, 97, 80గా తీసుకొంటే 601 పాళ్లతో రెండింటి వన్నె 99. బొమ్మ పూర్తిగా మాయమవుతుంది. 709తో 94, 99 వస్తాయి; సగటుతో 98, 96. వెలిసిపోయిన గీతను గుర్తించడానికి ఈ తేడాలు చాలవు. విచిత్రమేమంటే, పైన చెప్పిన తారుమారు తప్పు చేసిన కోడ్‌లో 83, 93 వచ్చి బొమ్మ కాస్త మెరుగ్గా కనిపిస్తుంది!

ఎరుపు నుండి నీలాన్ని తీసివేస్తే బొమ్మకు 85, బండకు 30 వస్తాయి. ఇదీ గ్రేస్కేలే, పాళ్లు మాత్రం కంటికోసం కాక వస్తువు కోసం ఎంచుకొన్నవి. శిలాచిత్ర పరిశోధకులు ప్రపంచమంతటా వాడే జాన్ హర్మన్ రూపొందించిన డీస్ట్రెచ్ ఈ దిశలోనే ఇంకా ముందుకు వెళ్లి, చిత్రంలోని రంగుల పరస్పరసంబంధాన్ని లెక్కించి వాటి మధ్య దూరాన్ని పెంచుతుంది. రంగుల మూలం లేనిదే అది ఏమీ చేయలేదు.

5. తాళపత్రం, శిల

కడపలోని సి.పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రం వంటి చోట్ల తాళపత్రాలను చూసినవారికి మరకల బాధ తెలుసు. ఆకు 190, 150, 95. మసి పూసిన అక్షరం 60, 50, 40. మరక 120, 80, 45 అనుకొందాం. నీలంలో అక్షరం 40, మరక 45. రెండూ ఒకటైపోయి పదం చదవరాదు. ఎరుపులో అక్షరం 60, మరక 120, ఆకు 190గా విడిపోతాయి. పసుపు పూసిన రాతికి నీలం, మరకపడిన ఆకుకు ఎరుపు. అన్నింటికీ పనికివచ్చే ఒకే సూత్రం లేదు.

ఎర్రగుడి అశోకశాసనాల వంటి, రంగు అంటని చెక్కుడు అక్షరాల విషయం వేరు. అక్కడ అక్షరాన్ని చూపేది నీడ. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండలో తీస్తే ఏ సూత్రమైనా దాదాపు ఒకే ఫలితం ఇస్తుంది. శాసనశాస్త్రజ్ఞుల ఎస్టాంపేజీ కూడా నలుపు తెలుపులదే అయినా అది గాడి లోతును పట్టుకొంటుంది. ఫోన్ గ్రేస్కేల్‌ను దానితో సమానంగా ఎంచడం పొరపాటు.

మూలాన్ని రంగులలో దాచినంత మాత్రాన పని పూర్తికాదు. ఫోన్ సాధారణంగా భద్రపరచే జేపెగ్‌లో వెలుగు వివరం పూర్తిగా ఉన్నా, రంగు వివరాన్ని చాలావరకు నాలుగేసి పిక్సెళ్లకు ఒకటిగా కుదిస్తారు. ఎరుపునో నీలాన్నో విడదీసినప్పుడు అంచులు గళ్లుగళ్లుగా రావడానికి కారణం ఇదే. ఫోన్‌లో రా లేదా డీఎన్‌జీ సౌకర్యం ఉంటే ముఖ్యమైన చిత్రాలను అందులో తీయాలి. పరిశోధక విద్యార్థులకు నేను మరొకటి కూడా చెబుతున్నాను: సిద్ధాంతగ్రంథంలో చిత్రం కింద ఊరు, తేదీలతో పాటు ‘రంగుల మూలం నుండి, నీలం ఛానెల్ మాత్రమే’ వంటి ఒక్క పంక్తి రాయండి. పాఠపరిష్కర్త ఏ ప్రతిని అనుసరించాడో పీఠికలో చెప్పడం మనకు కొత్త కాదు. ఆ పంక్తి ఉంటే, ఒక అక్షరం మీద సందేహం వచ్చిన తరువాతి పరిశోధకుడు అదే మూలాన్ని వేరే పాళ్లతో మళ్లీ చదువుకోగలడు.