తొట్టిలో టీ రంగు నీళ్ళు

పిల్లలూ! మీ ఇంట్లో చేపల తొట్టి ఉందా? అందులో అందం కోసం డ్రిఫ్ట్‌వుడ్ పెట్టారా? డ్రిఫ్ట్‌వుడ్ అంటే చాలాకాలం నీళ్ళలో నాని, తర్వాత ఎండి గట్టిపడిన కొయ్య ముక్క. దాన్ని తొట్టిలో పెట్టిన కొద్ది రోజులకే నీళ్ళు పసుపు రంగుకు తిరిగి, క్రమంగా పలచటి టీలా మారతాయి. "అయ్యో, నీళ్ళు పాడైపోయాయి" అనుకుని చాలామంది తొట్టి మొత్తం ఖాళీ చేస్తారు. రాళ్ళనూ ఫిల్టర్‌నూ కుళాయి కింద కడిగి కొత్త నీళ్ళు నింపుతారు. నీళ్ళు తళతళలాడతాయి గాని, కొన్నాళ్ళకే చేపలు నీలిగి, ఒక్కొక్కటే చచ్చిపోతాయి. రంగు వల్ల రాని ప్రమాదం శుభ్రం చేసిన తీరు వల్ల వస్తుంది. అదెలాగో తెలుసుకుందాం.

ఆ రంగు ఎక్కడిది?

చెట్ల బెరడు, కొయ్య, ఆకులు, కాయల్లో టానిన్లు అనే పదార్థాలు ఉంటాయి. కరక్కాయ కొరికితే నాలుక పట్టేసినట్టుండే వగరు వాటిదే. మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బొమ్మ గీయడానికి ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెడతారు. ఇనుముతో, బెల్లంతో చేసిన కసిమి ఆ గుడ్డ మీద పడగానే టానిన్‌తో కలిసి నల్లని గీత అవుతుంది. తొట్టిలో నానుతున్న కొయ్య నుంచి కూడా టానిన్లే నీళ్ళలోకి దిగుతాయి.

చేపలకు ఇది కొత్తేమీ కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్‌లో కలిసే రియో నీగ్రో నీళ్ళు అడవి ఆకులూ కొమ్మలూ నానడం వల్ల చిక్కటి టీ రంగులో ఉంటాయి. పోర్చుగీసు భాషలో ఆ పేరుకు అర్థమే 'నల్ల నది'. మన దుకాణాల్లో అమ్మే ఎరుపు, నీలం చారల కార్డినల్ టెట్రా చేప సొంత ఊరు ఆ నదే!

రంగును చదవడం

ఒక గాజు గ్లాసులో తొట్టి నీళ్ళు తీసుకుని, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి.

• టీ రంగు ఉన్నా ఆరపార కనిపిస్తే: టానిన్. భయం లేదు.
• పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే: బాక్టీరియా ఒక్కసారిగా పెరిగింది. మేత తగ్గించండి.
• ఆకుపచ్చగా ఉంటే: శైవలాలు. ఎండ, లైటు ఎక్కువైంది.
• కుళ్ళు వాసన వస్తే: మిగిలిన మేతో, చచ్చిన చేపో, కొయ్యో కుళ్ళుతోంది. వెతికి తీసేయండి.

నీళ్ళన్నీ ఎందుకు మార్చకూడదు?

చేపల విసర్జన నుంచి అమ్మోనియా పుడుతుంది. అది వాటికి విషం. ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ళ మీద, కొయ్య మీద ఉండే మేలు చేసే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. సైన్సులో చదివే నత్రజని వలయంలో ఇదొక భాగం. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళతో అన్నీ కడిగితే ఈ బాక్టీరియా చచ్చిపోతాయి. అవి మళ్ళీ నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఆలోగా అమ్మోనియా పేరుకుపోతుంది.

రంగు తగ్గించాలంటే

1. తొట్టిలో పెట్టకముందే కొయ్యను పెద్దవాళ్ళ సాయంతో గంట, రెండు గంటలు ఉడకబెట్టండి. గిన్నెలో పట్టకపోతే బకెట్లో వారం, రెండు వారాలు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చండి. రంగు వేసిన కొయ్య, పచ్చి కొమ్మ వాడకండి.
2. ఇప్పటికే తొట్టిలో ఉంటే, వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మాత్రమే మార్చండి. కొత్త నీళ్ళకు దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందు సీసా మీద రాసిన కొలతలో కలపండి.
3. తొందరగా తగ్గాలంటే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టండి. అది టానిన్లను తన ఉపరితలం మీద పట్టి ఉంచుకుంటుంది. దీన్నే అధిశోషణం అంటారు. నెలకోసారి సంచి మార్చాలి.
4. ఏమీ చేయకపోయినా, వారం వారం నీళ్ళు మారుస్తుంటే కొన్ని నెలల్లో రంగు దానంతటదే పలచబడుతుంది.

బదిలీ అయినప్పుడు

మనకు రెండు మూడేళ్ళకోసారి ఊరు మారక తప్పదు. ఊరితో పాటు నీళ్ళూ మారతాయి. సబ్బు నురగ రాని ఊళ్ళో ఉన్నది కఠిన జలం. టానిన్లు నీటిని కాస్త ఆమ్లంగా మారుస్తాయి గాని, కఠిన జలంలో ఆ మార్పు అంతగా కనబడదు. మృదు జలంలో త్వరగా కనబడుతుంది. కాబట్టి కొత్త ఊళ్ళో మొదటి నెల లిట్మస్ కంటే కచ్చితంగా చూపే పీహెచ్ కాగితంతో అప్పుడప్పుడు పరీక్షించండి.

చేపలను ఎవరైనా స్నేహితుడికి ఇచ్చి వెళ్తుంటే, తొట్టితో పాటు కడగని ఫిల్టర్ స్పాంజిని కూడా తొట్టి నీళ్ళలోనే తడిగా ఉంచి, ఆ రోజే అందజేయండి. నీళ్ళు టీ రంగులో ఉన్నాయని అన్నీ కడిగేయవద్దని మరీ మరీ చెప్పండి.