కారులోకి నీళ్లు ఎక్కడ నుండి వస్తున్నాయి?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముసురు విడిచిన ఉదయం మా సంఘపు కారు తలుపు తీసి అయ్యగారు కాలు లోపల పెట్టగానే తివాచీ కింద నీళ్లు చప్పుడు చేశాయి. అద్దాలన్నీ బిగించే ఉన్నాయి. రాత్రంతా బండి కదలలేదు.

అది సంఘస్థులు కానుకలు కూడబెట్టి కొన్న పాత బండి. అమ్మగారికి ఉబ్బసం. నెలకోసారి నరసరావుపేటలో వైద్యునికి చూపించుకోవాలి. తడిసిన తివాచీ వారం తిరగకుండానే బూజు పట్టింది. ఆమె బండి ఎక్కి తలుపు వేసుకుంటే చాలు, దగ్గు తెర లేచేది. చివరకు "నేను బస్సులోనే వెళ్తానండి" అన్నారు. సంఘానికి కారు ఉండగా అమ్మగారు బస్టాండులో నిలబడటం మాలో ఎవరికీ మింగుడు పడలేదు.

పట్టణంలో ఒక షెడ్డుకు తీసుకువెళ్లాము. ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూసి డబ్బు తీసుకున్నారు. తరువాతి వానకు మళ్లీ అదే గతి. రెండోసారి ఇంకా మందంగా పూశారు. ఇల్లు కురవడానికి సోమరితనం కారణమని ప్రసంగి గ్రంథకర్త చూపించాడు (10:18). మా విషయంలో సోమరితనం కాదు గాని తొందర. చిల్లు ఎక్కడుందో వెదకకుండానే పూత పూయించాము.

చివరకు ట్రాక్టర్లు బాగుచేసే మా సంఘపు యువకుడొకడు వచ్చి చూశాడు. "పైన తడి చూసి లాభం లేదు అయ్యగారూ, ముందు తివాచీ లేపుదాం" అన్నాడు. తరువాత బానెట్ ఎత్తి, వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జాలీ ఊడదీశాడు. దాని అడుగున వేపాకు రెండు దోసిళ్లు ఉంది. కుళ్లి, చెరువు ఒండ్రులాగా నల్లబడింది. అద్దం మీద పడిన వాన ఆ కాలువలోకి జారి, రెండు పక్కల ఉండే రంధ్రాల గుండా నేల మీదకు పోవాలి. రంధ్రాలు పూడిపోతే నీరు అక్కడే మట్టం పెరిగి, ఫ్యాను బయటి గాలిని పీల్చుకునే దారిన కారులోకి దిగుతుంది. అద్దానికీ ఆ నీటికీ సంబంధమే లేదు. మెత్తని తీగతో రంధ్రాలు పొడిచి ఒక చెంబెడు నీళ్లు పోస్తే గడగడా కిందికి పోయాయి. ఖర్చు ఏమీ లేదు.

గుడి ఆవరణలో వేపచెట్టు కింద కారు పెట్టడం తప్పని రెంటచింతల, మాచర్ల ఎండలు ఎరిగినవారు ఎవరూ అనరు. ఆకు రాలే కాలంలో నెలకోసారి ఆ జాలీ కింద చేయి పెట్టి చూసుకుంటే చాలు. చింతాకు మరీ సన్నం, ఎంత చిన్న సందులోనైనా దూరిపోతుంది.

మీ బండిలో కారణం వేరే కావచ్చు. కనిపెట్టే పద్ధతి మాత్రం ఒక్కటే. తివాచీ ఎత్తి, అడుగు బాగా తుడిచి ఆరబెట్టి, పాత వార్తాపత్రికలు పరచండి. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చోవాలి. ఇంకొకరు బయట రబ్బరు గొట్టంతో నెమ్మదిగా నీళ్లు పారించాలి. ఎప్పుడైనా కింద నుండి పైకి రావాలి. ముందు తలుపుల అడుగు, తరువాత అద్దాల అంచులు, చివరకు కప్పు. ఒక్కొక్క చోట నాలుగైదు నిమిషాలు ఆగండి. మొదటే పైన పోస్తే నీరు అన్నిచోట్లా పారి, ఏ సందున దిగిందో తెలియదు. వాటర్ సర్వీసింగ్ వాళ్లు కొట్టే జోరు ధార దీనికి పనికిరాదు, అది మంచి రబ్బరులో నుండి కూడా నీరు తోస్తుంది. పత్రిక ముందుగా ఎక్కడ తడిసిందో అక్కడ నుండి పైకి వెదకండి. నీరు ఇనుము వెంట చాలా దూరం పాకి ఎక్కడో చుక్క రాల్చుతుంది గనుక, తడిసిన చోటే చిల్లు ఉందనుకోవద్దు.

తలుపుల సంగతి చాలామందికి తెలియదు. కిటికీ అద్దం పక్కగా కొంత వాన నీరు తలుపు లోపలికి దిగడం సహజమే. అది తలుపు అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటికి పోతుంది. డొంకదారుల బురద చేరి అవి మూసుకుపోతే, తలుపు తీసినప్పుడు లోపల నీరు తొణుకుతుంది. తలుపు లోపలి అట్ట వెనుక ఒక ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. స్పీకర్లు బిగించేవారు దానిని చించి వదిలేస్తే నీరు తిన్నగా తివాచీ మీదికే వస్తుంది. మేస్త్రీ చేత అట్ట తీయించి బ్యూటైల్ టేపుతో ఆ కాగితం మళ్లీ అంటించుకోవాలి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరును పరీక్షించాలంటే ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే అక్కడ రబ్బరు బిగువు పోయింది. మన ఎండకు రబ్బరు గట్టిపడి పగలడం మామూలే.

వాగు దాటినప్పుడు మాత్రమే తడిసేదైతే అడుగు రేకుకు ఉండే రబ్బరు బిరడాలు చూడండి. డిక్కీలో స్టెప్నీ గుంట నిండుతుంటే వెనుక లైట్ల చుట్టూ ఉన్న రబ్బరును అనుమానించాలి.

ముందు అద్దమే కారుతోందని రుజువైతే, పైన పూత పూయించవద్దు. గ్లాసు బిగించేవారి చేత తీయించి, పాత జిగురు గీకించి, కొత్తగా అతికించుకోవడమే పని. వెనిగర్ వాసన వేసే సిలికాన్ ఇనుముకు తుప్పు పట్టిస్తుంది కూడా.

మే నెలలో మా కారు మళ్లీ తడిసింది. వాన చుక్క లేదు. ఈసారి ఎడమవైపు ముందు సీటు కింద మాత్రమే, నీరు తేటగా ఉంది. అది ఏసీ నీరు. ఏసీ నడిచేటప్పుడు కారు కింద నీటి బొట్లు పడాలి. పడకపోతే ఆ సన్నని గొట్టం దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు. మాకు అదే జరిగింది. నీరు జిగటగా, రంగుగా, తీపి వాసనతో ఉండి, అద్దానికి జిడ్డు పొర పడుతుంటే అది హీటరు నుండి కారే కూలెంట్. దానిని వాయిదా వేయకూడదు, ఇంజను వేడెక్కి చెడుతుంది. పిల్లలను ఆ నీటికి దూరంగా ఉంచండి, అది విషం.

దారి మూసిన తరువాత ఆరబెట్టడం వేరే పని. తివాచీ పైన పొడిగా ఉన్నా, అడుగున మందపాటి దూది పొర రోజుల తరబడి నీరు పట్టి ఉంచుతుంది. మేము తివాచీ మొత్తం బయటికి తీసి మిర్చి కళ్లంలో మూడు రోజులు ఎండబెట్టాము. సీట్లు విప్పవలసి వస్తే మేస్త్రీ చేతనే, బ్యాటరీ వైరు తీయించిన తరువాత విప్పించండి. ఇప్పటి బండ్లలో సీట్ల కింద ఎయిర్‌బ్యాగు వైర్లు ఉంటాయి. ఆ జూన్ నుండి అమ్మగారు మళ్లీ కారులోనే నరసరావుపేట వెళ్తున్నారు.

పాత బండి కొనబోయేవారికి ఒక మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ల ముందున్న కార్లు ఎన్నో మునిగాయి. అలా మునిగిన బండ్లు కడిగి, సువాసన చల్లి, తక్కువ ధరకు అమ్మకానికి రావచ్చు. మిర్చి డబ్బు చేతిలో ఉన్నప్పుడు చవక బేరం కళ్లు మూస్తుంది. సీటు బోల్టుల తుప్పు చూడండి, స్టెప్నీ గుంటలో ఒండ్రు చూడండి. సీటు బెల్టును ఆ కొస దాకా పూర్తిగా బయటికి లాగండి. కడిగేవారి చేయి సాధారణంగా అంతదూరం పోదు. అక్కడ బురద గీత కనిపిస్తే బయానా ఇవ్వకుండా ఇంటికి వచ్చేయండి.