మీకు తెలుసా? సీజర్ హత్య: చరిత్రలో ఒకలా, నాటకంలో మరోలా

రోమ్‌ను ఏలిన జూలియస్ సీజర్ చక్రవర్తి కాదు, జీవితకాల నియంత. క్రీ.పూ. 44 మార్చి 15న సెనేటర్లే ఆయన్ని పొడిచి చంపారు. ఒంటిమీద 23 కత్తిపోట్లు! వాటిలో ప్రాణం తీసింది ఛాతీలో దిగిన రెండో పోటు ఒక్కటేనని వైద్యుడు ఆంటిస్టియస్ తేల్చాడట. తొలి పోటుకు మూలిగాడే తప్ప సీజర్ నోట మాటే రాలేదని చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. హంతకుల్లో ఒకడైన బ్రూటస్‌ను చూసి అన్నాడని లోకమంతా చెప్పుకునే ‘ఎట్ టూ, బ్రూటే?’ (నువ్వు కూడానా, బ్రూటస్?) అనే లాటిన్ మాటకు అంత ప్రసిద్ధి తెచ్చింది షేక్‌స్పియర్ నాటకం. హత్యాస్థలాన్నీ ఆయన మార్చేశాడు. నాటకంలో అది కాపిటల్. నిజానికది పాంపే కట్టించిన సభామందిరం. తాను ఓడించిన ప్రత్యర్థి పాంపే విగ్రహం పాదాల దగ్గరే సీజర్ కూలిపోవడం ఎంత దారుణమైన విధి! దాన్ని మాత్రం షేక్‌స్పియర్ వదల్లేదు. ఆ మందిరపు శిథిలాలు రోమ్‌లోని లార్గో ఆర్జెంటీనా కూడలిలో నేటికీ ఉన్నాయి.