1964లో నంబర్ వన్ ఎవరు?

రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వేసే ఉద్యోగం చాలా ఏళ్లు చేశాను. అందుకే ఫలానా పాట నంబర్ వన్ అని ఎవరన్నా అంటే, ఎవరు లెక్కపెట్టారు, ఎలా లెక్కపెట్టారు అని అడగకుండా ఉండలేను. అమెరికాలో 1964 నాటి బిల్‌బోర్డ్ పత్రిక హాట్ 100 పట్టికలు చూసినా అదే ప్రశ్న. అప్పట్లో రికార్డుల షాపులవాళ్లు ఏవి బాగా పోతున్నాయో చెప్పేవారు, రేడియో స్టేషన్లు ఏవి ఎక్కువ వేస్తున్నాయో చెప్పేవి. రెండూ కలిపి పత్రిక వరస కట్టేది. అసలు అమ్మకాలను యంత్రంతో లెక్కించడం 1991లో గానీ రాలేదు.

ఏప్రిల్ 4 నాటి పట్టికలో మొదటి ఐదు స్థానాలూ బీటిల్స్‌వే. 'కాంట్ బై మీ లవ్' 27వ స్థానం నుంచి ఒక్క గెంతులో మొదటికొచ్చింది. ఇది అందరూ చెప్పుకునే సంగతే. నాకు ఆసక్తి కలిగించేది రికార్డుల మీద ఉన్న కంపెనీల పేర్లు. ఆ ఐదు పాటల మీద నాలుగు పేర్లున్నాయి: క్యాపిటల్, టాలీ, స్వాన్, వీ-జే. 1963లో బీటిల్స్ పాటలు మాకొద్దని క్యాపిటల్ అంటే, 'ప్లీజ్ ప్లీజ్ మీ' షికాగోలోని వీ-జేకి, 'షీ లవ్స్ యూ' ఫిలడెల్ఫియాలోని స్వాన్‌కి పోయాయి. రెండూ అప్పుడు అమ్ముడుపోలేదు. ఆ ఏడాది డిసెంబర్ 26న క్యాపిటల్ మనసు మార్చుకుని 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్' విడుదల చేసింది. ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ టీవీ షోలో బీటిల్స్ నలుగుర్నీ సుమారు 7.3 కోట్ల మంది చూశారు. ఇంకేముంది, తతిమ్మా కంపెనీలు కూడా తమ దగ్గరున్న పాటల్ని ఎగబడి అమ్మాయి. పాటలన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉంటే ఒకదాని తర్వాత ఒకటి తీరిగ్గా వదిలేది, ఐదూ ఒకే వారం పైకి చేరేవి కావు. 2022లో టేలర్ స్విఫ్ట్ మొదటి పది స్థానాలూ ఆక్రమించింది గానీ, అవి ఒకే ఆల్బమ్‌లోని పాటలు, జనం ఎక్కువగా ఆన్‌లైన్లో విన్నవి. 1964లో ప్రతి పాటకీ విడిగా షాపుకెళ్లి డబ్బు పెట్టాలి.

బీటిల్స్ 14 వారాల పట్టును మే 9న విడిపించింది 62 ఏళ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 'హలో, డాలీ!' ఓ నాటకం ప్రచారానికి పాడిన పాట. బాంజోతో మొదలై, ఆ బొంగురు గొంతు వచ్చి, నడుమ తన పేరు కూడా చేర్చి, ఆ తర్వాత ట్రంపెట్ అందుకుంటాడు. మొదటి స్థానంలో ఉన్నది ఒక్క వారమే. ఆ ఏడాది మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వారం అది.

నల్లజాతి సంగీతానికున్న ప్రత్యేక పట్టికను 1963 నవంబర్‌లో బిల్‌బోర్డ్ ఆపేసింది. 1965 జనవరి దాకా లేదు. అందరూ ఒకే పట్టికలో పోటీ పడాలి. అందులోనే డెట్రాయిట్‌కి చెందిన ముగ్గురమ్మాయిలు, సుప్రీమ్స్, ఆగస్టులో మొదటికొచ్చారు. 'వేర్ డిడ్ అవర్ లవ్ గో' మొదట్లో వినిపించేది చెక్కల మీద కాళ్లతో వేసిన దరువు. అంతకుముందు వాళ్లకి ఒక్క హిట్టూ లేదని సొంత కంపెనీలోనే వెక్కిరించేవారు. ఏడాది తిరక్కుండా మూడు పాటలతో నంబర్ వన్ అయ్యారు. మూడోదాన్ని డిసెంబర్ 26న బీటిల్స్ పాట కిందకి దించితే, జనవరి 16న సుప్రీమ్స్ పాటే మళ్లీ పైకొచ్చింది.