ట్రంకు పెట్టెలో ఇంగ్లీషు మాటలు



ఈసారి సంచికకు పిల్లలకు పనికొచ్చేది ఏదైనా రాయమని కమిటీవాళ్లు అడిగారు. మేము నలుగురం కూర్చుని ఆలోచించాం. హాస్టల్ రోజుల్లో మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది ఏమిటి? లెక్కలు కాదు, సైన్సు కాదు, ఇంగ్లీషు. అందులోనూ గ్రామరు కాదు, మాటలు. ప్రశ్న చదివితే మూడు మాటలకు అర్థం తెలియదు. కింద ఇచ్చిన జవాబుల్లో ఒక్కటీ తెలియదు. ఇక తెలివి ఎంత ఉండి ఏం లాభం? అందుకే జి.ఆర్.ఇ. లాంటి పరీక్షల్లో వచ్చే కఠినమైన ఇంగ్లీషు మాటలను తెలుగు మీడియం నుంచి వచ్చిన మనం ఎలా పట్టుకోవాలో ఈ వ్యాసంలో చెబుతున్నాం.

ముందుగా ఒక మనవి. ఇక్కడ ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాం. స్పెల్లింగు మీరే డిక్షనరీ తీసి వెతకండి. కష్టపడి వెతికిన మాట అంత తొందరగా మరుపుకు రాదు.

మేము చేసిన తప్పు

మాలో ఒకడు అమెరికాలో ఎం.ఎస్. చదవాలని జి.ఆర్.ఇ. రాశాడు. ఆ పరీక్ష ఫీజు ఇప్పుడు 20 వేల రూపాయల పైమాటే. అప్పట్లోనూ మాబోటివాళ్లకు అది చిన్న మొత్తం కాదు. వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. తక్కువపడినది మేము తలా కొంత వేసుకున్నాం.

వాడు ఒక పాత గైడు సంపాదించి, వెనకున్న మాటల జాబితాను 'ఎ' అక్షరం దగ్గర మొదలుపెట్టి రోజుకు 50 చొప్పున బట్టీపట్టాడు. తెల్లవారుజామున వరండాలో నడుస్తూ వాడు వల్లె వేస్తుంటే మాకు నిద్ర పట్టేది కాదు. తీరా పరీక్షలో తెర మీద మాట కనబడింది. అది పుస్తకంలో ఎడమవైపు పేజీలో అడుగున ఉందని కూడా గుర్తుంది. అర్థం మాత్రం గుర్తుకు రాలేదు. ఒకటి కాదు, రెండు కాదు, సగం మాటలు అలాగే ముఖం చాటేశాయి.

వచ్చిన స్కోరు ఎక్కడికీ పంపుకోదగ్గది కాదు. ఆ సంగతి వాళ్లమ్మకు చెప్పడానికి వాడికి రెండు వారాలు పట్టింది. మళ్లీ ఫీజు పోగుచేసుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో వాడూ, వాడితోపాటు మేమూ నేర్చుకున్నదే మీకు చెబుతున్నాం.

పరీక్ష ఏమడుగుతుంది?

లైబ్రరీలో పాత గైడ్లు చదివేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. జి.ఆర్.ఇ.లో ఒకప్పుడు వ్యతిరేక పదాలు, పదాల పోలికలు విడిగా అడిగేవారు. 2011 ఆగస్టులో వాటిని తీసేశారు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను కూడా కుదించారు. ఇప్పుడు మొత్తం 1 గంట 58 నిమిషాలు. వెర్బల్‌లో 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. స్కోరు 130 నుంచి 170 వరకు ఉంటుంది. తప్పు రాస్తే మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

మాటల అర్థం నేరుగా అడగడం లేదు కదా అని సంతోషించకండి. వాక్యంలో ఖాళీ ఇచ్చి అక్కడ కుదిరే మాట పెట్టమంటారు. ఒక రకం ప్రశ్నలో ఒకే ఖాళీకి ఆరు మాటలు ఇస్తారు. వాక్యానికి ఒకే అర్థం వచ్చేలా రెండు మాటలు ఎంచుకోవాలి. రెండూ సరిగ్గా ఉంటేనే మార్కు. ఒక నమూనా చూడండి.

"కొత్తవాళ్లకు అతడు ____ మనిషిలా కనిపిస్తాడు గానీ, స్నేహితుల మధ్య కూర్చుంటే గలగలా మాట్లాడుతూనే ఉంటాడు."

ఇచ్చిన మాటలు: రెటిసెంట్, గారులస్, క్రెడ్యులస్, టాసిటర్న్, ప్రాడిగల్, మెటిక్యులస్. ఇక్కడ తాళంచెవి "గానీ" అన్న మాటలో ఉంది. గలగలా మాట్లాడేవాడికి ఎదురు ఎవరు? మితభాషి. ఆ అర్థం ఇచ్చేవి రెటిసెంట్, టాసిటర్న్. మిగిలినవాటిలో గారులస్ అంటే వాగుడుకాయ, క్రెడ్యులస్ అంటే ఏది చెప్పినా నమ్మేవాడు, ప్రాడిగల్ అంటే దుబారా మనిషి, మెటిక్యులస్ అంటే ప్రతి చిన్న విషయం జాగ్రత్తగా చూసుకునేవాడు.

చూశారా! ఖాళీలో ఏ అర్థం రావాలో తెలుగులోనే ఆలోచించాం. ఆ తర్వాతే ఇంగ్లీషు మాట వెతికాం. ముందు జవాబుల వైపు చూస్తే బుర్ర తిరిగిపోతుంది. ముందు అర్థం, తర్వాత మాట. ఇది అలవాటు చేసుకోండి.

ఇప్పుడు చాలా విదేశీ విశ్వవిద్యాలయాలు జి.ఆర్.ఇ. అడగడం లేదు. అయినా ఈ కష్టం వృథా కాదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సి.జి.ఎల్. పరీక్ష మొదటి అంచెలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు ఉన్నాయి. అక్కడ సమానార్థకాలు, వ్యతిరేక పదాలు ఇప్పటికీ నేరుగా అడుగుతారు. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది కూడా.

తెలుగు చదివింది అక్కరకొస్తుంది

"మాది తెలుగు మీడియం, మావల్ల కాదు" అని చాలామంది ముందే చేతులెత్తేస్తారు. మేమూ అలాగే అనుకున్నాం. తెలుగు వాచకంలో సంధులు, సమాసాలు, ఉపసర్గలు చదివినవాడికి ఈ పనిలో ఎంత సాయం దొరుకుతుందో ఆలస్యంగా తెలిసింది.

తెలుగు ద్రావిడ భాష. ఈ సంగతిని 1816లోనే ఎల్లిస్ దొర నిరూపించాడు. కానీ మన భాషలోకి సంస్కృతం మాటలు ఎన్నో వచ్చి చేరాయి. ఆ సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో చుట్టరికం ఉందని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పాడు. ఇంగ్లీషులో కఠినమైన మాటలు చాలావరకు ఆ గ్రీకు, లాటిన్‌ల నుంచి వచ్చినవే. కాబట్టి మనకు తెలియకుండానే మన దగ్గర కొన్ని తాళంచెవులున్నాయి.

అమృతం అంటే చావు లేనిది. 'అ' అంటే లేదు, 'మృత' అంటే చావు. ఇంగ్లీషులో ఇమ్మోర్టల్ కూడా ఇలాగే కట్టిన మాట. అనామకుడు, ఎనానిమస్ కూడా అంతే, పేరు లేనివాడు. మనకు 'పరి' అంటే చుట్టూ: పరిధి, పరిభ్రమణం. గ్రీకులో అది 'పెరి'. పెరిఫెరీ అంటే అంచు, పెరిపటెటిక్ అంటే ఒకచోట నిలవక తిరిగేవాడు. మన 'దుర్', 'దుస్' అక్కడ డి, వై, ఎస్ అక్షరాలతో రాసే 'డిస్'. డిస్టోపియా అంటే బతకడమే నరకమైన లోకం. మన 'ప్ర', వాళ్ల 'ప్రో' ఒక్కటే. సంస్కృతంలో 'ప్రజ' అంటే సంతానం. ప్రోజెనీ అన్నా సంతానమే.

మన 'సు' అక్కడ 'యు'. యూలజీ అంటే పొగడ్త. యూఫెమిజం అంటే చెడ్డమాటను మంచిమాటగా మార్చి చెప్పడం. దీపం ఆరిపోయింది అనకుండా "దీపం కొండెక్కింది" అంటుంది మన నాయనమ్మ. ఆవిడకు యూఫెమిజం అన్న మాట తెలియదు గానీ ఆ పని రోజూ చేస్తూనే ఉంటుంది.

అయితే పోలిక కనబడగానే చుట్టరికం కలపకూడదు. పెరిల్ అంటే ప్రమాదం, పెరిష్ అంటే నశించడం. వీటిలో ఉన్న 'పెరి' ఆ 'పెరి' కాదు. అనుమానం వస్తే డిక్షనరీలో మాట పుట్టుక చూడాలి.

మన దగ్గర లేని ధాతువులను కుటుంబాలుగా నేర్చుకోవాలి. లాటిన్‌లో మాట్లాడడానికి సంబంధించిన ధాతువు ఒకటుంది. దాని పిల్లలే ఎలోక్వెంట్, లొక్వేషస్, సర్కమ్‌లొక్యూషన్. మొదటిది అనర్గళంగా మాట్లాడేవాడు, రెండోది వదరుబోతు, మూడోది డొంకతిరుగుడు మాట. ఒక ఇంటి తలుపు తడితే ముగ్గురు పలికారు. 1949లో వచ్చిన నార్మన్ లూయిస్ పుస్తకం 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' ఈ పద్ధతిలోనే నడుస్తుంది. పాత పుస్తకాల దుకాణాల్లో చవగ్గా దొరుకుతుంది.

తెలిసిన మాటతోనే దెబ్బ

తెలియని మాట దగ్గర మనం జాగ్రత్తగా ఉంటాం. తెలుసనుకున్న మాట దగ్గరే బోల్తాపడతాం. శాంక్షన్ అంటే మనకు మెస్ బిల్లు మంజూరు కావడం. ఒక దేశం మీద పెట్టే ఆంక్షలు కూడా శాంక్షన్లే. టెంపర్ అంటే మనకు కోపం. అదే క్రియగా వాడితే తీవ్రతను తగ్గించడం. క్వాలిఫై అంటే పాసవడమే కాదు, చెప్పిన మాటకు ఒక పరిమితి పెట్టడం కూడా. చెక్ అంటే బ్యాంకు చెక్కు ఒక్కటే కాదు, అదుపు చేయడం. మన పేపర్లు "అక్రమాలకు చెక్" అని రాసేది ఈ అర్థంలోనే.

అలాగే మాటకున్న రంగు కూడా చూడాలి. ఫ్రూగల్, పార్సిమోనియస్, రెండూ ఖర్చు పెట్టనివాళ్లకే వాడతారు. మొదటివాడు పొదుపరి, రెండోవాడు పిసినారి. నెలాఖరుకు పది రూపాయలు మిగిల్చిన అమ్మను పిసినారి అంటే ఎంత తప్పో, పరీక్షలో ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టడం అంత తప్పు.

అయిదు గళ్ల పెట్టె

ఇక మరుపు సంగతి. 1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీదే ప్రయోగం చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని చూపించాడు. మరి ఆపడం ఎలా? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక పరీక్ష చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే మేలు. వారం తర్వాత చూస్తే చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మావాడు వరండాలో చేసింది మొదటి పని. చేయాల్సింది రెండోది.

దానికి 1972లో సెబాస్టియన్ లైట్నర్ తన జర్మన్ పుస్తకంలో ఒక పెట్టె పద్ధతి చెప్పాడు. మేము దాన్ని మనకు తగ్గట్టు చేసుకున్నాం. పాత శుభలేఖల వెనకవైపు కత్తిరించి కార్డులు చేశాం. ఒక అట్టపెట్టెను అయిదు గళ్లు చేసి ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాం. కొత్త కార్డు మొదటి గడిలో ఉంటుంది. దాన్ని రోజూ చూడాలి. అర్థం చూడకుండా చెప్పగలిగితే రెండో గడికి వెళ్తుంది. రెండోది రోజు విడిచి రోజు, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, అయిదోది పదిహేను రోజులకు. ఎక్కడ తప్పినా కార్డు మళ్లీ మొదటి గడికే. వైకుంఠపాళిలో పాము నోట్లో పడ్డట్టే!

కార్డు ముందువైపు మాట. వెనకవైపు తెలుగు అర్థం, పుట్టుక, సొంత వాక్యం. వాక్యం మన బతుకులోది అయితేనే నిలుస్తుంది. ఎఫిమెరల్ అంటే క్షణభంగురం, ఆదివారం కోడికూరలాగా. యుబిక్విటస్ అంటే ఎక్కడ చూసినా ఉండేది, హాస్టల్ దోమలాగా. లకోనిక్ అంటే ముక్తసరి, వేడినీళ్లు ఉన్నాయా అని అడిగితే వాచ్‌మన్ చెప్పే జవాబులాగా.

రోజుకు 8 కొత్త మాటలు చాలు. ఆదివారం కొత్తవి వద్దు, పాతవే చూడాలి. వారానికి 48, ఆరు నెలలకు 1,200 పైచిలుకు. స్టడీ అవర్లో అరగంట దీనికి ఇవ్వండి. భోజనాల హాలు దగ్గర బోర్డు మీద రోజుకొకడు అయిదు మాటలు రాయండి. లైబ్రరీకి వచ్చే ఇంగ్లీషు పేపరులో సంపాదకీయం ఒక్కటైనా చదవండి. కార్డు మీద నేర్చిన మాట అక్కడ ఎదురైతే పాత స్నేహితుడు బస్టాండులో కనబడినంత సంతోషం. తప్పు పలికినవాణ్ని చూసి మాత్రం నవ్వకండి. ఒకసారి నవ్వితే వాడు మళ్లీ నోరు తెరవడు. మాలో అలా నోరు మూసుకున్నవాళ్లున్నారు.

చివరగా

బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తిరిగొచ్చాక 1925లో సోలాపూర్‌లో ఆయన సంస్థ విద్యార్థులకు ఒక హాస్టల్ తెరిచింది. చదువుకున్నవాడు వెనకవాళ్లకు దారి చూపాలన్నది మనం ఆయన దగ్గర నేర్చుకున్న పాఠమే.

మావాడికి రెండోసారి గొప్ప స్కోరేమీ రాలేదు, కావలసినంత వచ్చింది. ఎం.ఎస్. పూర్తిచేశాడు. మొదటి జీతంలో సంఘం అప్పు తీర్చాడు. వాడి అయిదు గళ్ల పెట్టెను ఈ వార్షికోత్సవం రోజున హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాం. అందులో వాడి కార్డులు మాత్రం ఉండవు. కావాలనే తీసేశాం. ఒకడు రాసుకున్న కార్డు ఇంకొకడికి మళ్లీ బట్టీ జాబితాయే అవుతుంది. ఖాళీ కార్డులు 500 కత్తిరించి పెట్టాం. మొదటి ఎనిమిది మాటలు ఈ రాత్రికే రాసుకోండి.

ఇట్లు
మీ అన్నలు,
పూర్వ విద్యార్థులు