డాడ్స్ ఆర్మీ

డాడ్స్ ఆర్మీ బ్రిటన్‌కు చెందిన బి.బి.సి. 1968 జూలై 31 నుండి 1977 నవంబరు 13 వరకు ప్రసారం చేసిన టెలివిజన్ హాస్య ధారావాహిక. ఈ పేరుకు 'నాన్నల సైన్యం' అని అర్థం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లాండు తీరాన్ని కాపాడటానికి పూనుకొన్న ఒక స్వచ్ఛంద దళం కథ ఇది. జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్ దీని రచయితలు. మొత్తం 80 ఎపిసోడ్లు వెలువడ్డాయి. ఇందులోని ప్రధాన నటులలో పలువురు, రచయితలిద్దరూ నిజజీవితంలో సైనికులుగా పనిచేసినవారే. యుద్ధకాలాన్ని హాస్యవస్తువుగా తీసుకొన్నప్పటికీ సైనికుల పట్ల చులకన భావం కనిపించకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

చారిత్రక నేపథ్యం

1940 మే 14న బ్రిటిష్ యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో ప్రసంగిస్తూ, సైన్యంలో లేని 17 నుండి 65 సంవత్సరాల వయసు గల పురుషులు స్థానిక రక్షణకు ముందుకు రావాలని కోరాడు. కొద్ది నెలలలోనే పది లక్షలకు పైగా పేర్లు నమోదయ్యాయి. అదే సంవత్సరం జూలైలో ఈ దళానికి హోమ్ గార్డ్ అని పేరు పెట్టారు. మొదట్లో తుపాకులు చాలక కొందరు కర్రలతోనే కవాతు చేసేవారు. 1944 డిసెంబరులో దళం విధులు ముగిశాయి. జిమ్మీ పెర్రీ పదిహేడేళ్ళ వయసులోపే ఈ దళంలో చేరాడు. ఆ జ్ఞాపకాలే ధారావాహికకు మూలం.

కథ

దక్షిణ ఇంగ్లాండు తీరంలోని వాల్మింగ్టన్-ఆన్-సీ అనే కల్పిత పట్టణంలో కథ జరుగుతుంది. బ్యాంకు మేనేజరు మానరింగ్ దళానికి కెప్టెన్. అతని కింది ఉద్యోగి విల్సన్ సార్జెంటు. మాంసం దుకాణదారు జోన్స్, శవపేటికలు తయారుచేసే ఫ్రేజర్, మృదుస్వభావి గాడ్‌ఫ్రే, దొంగ సరుకు అమ్మే వాకర్, తల్లిచాటు బిడ్డ పైక్ ఇతర ముఖ్య సభ్యులు. శత్రువు ఎన్నడూ పెద్దగా రాడు. దర్పం, వర్గభేదం, వృద్ధాప్యం, చిన్న చిన్న పట్టుదలలే ఇక్కడ హాస్యానికి ఆధారం. అయితే అవసరమైనప్పుడు వీరు వెనుకాడరు.

నటుల యుద్ధానుభవం

* ఆర్నాల్డ్ రిడ్లీ (గాడ్‌ఫ్రే): 1896లో జన్మించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 నాటి సోమ్ యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడ్డాడు. ఎడమ చేయి జీవితాంతం సరిగా పనిచేయలేదు. 1939లో మళ్ళీ సైన్యంలో చేరి ఫ్రాన్సుకు వెళ్ళాడు. అనారోగ్యం వలన 1940లో వైదొలిగాడు.
* జాన్ లారీ (ఫ్రేజర్): మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. రెండవ యుద్ధకాలంలో హోమ్ గార్డ్‌లో పనిచేశాడు.
* క్లైవ్ డన్ (జోన్స్): 1941లో గ్రీసులో జర్మన్లకు పట్టుబడి, ఆస్ట్రియాలో సుమారు నాలుగేళ్ళు యుద్ధఖైదీగా గడిపాడు. డెబ్బై ఏళ్ళ జోన్స్ పాత్ర ధరించే నాటికి ఇతని వయసు 48 మాత్రమే.
* ఆర్థర్ లో (మానరింగ్): రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి సార్జెంట్ మేజర్ అయ్యాడు. మధ్యప్రాచ్యంలో ఉండగా తోటి సైనికుల కోసం నాటకాలలో నటించాడు.
* జాన్ లె మెజరర్ (విల్సన్): రాయల్ ట్యాంక్ రెజిమెంటులో కెప్టెన్. కొంతకాలం భారతదేశంలో ఉన్నాడు.

నిజజీవితంలో కెప్టెన్ అయిన లె మెజరర్ తెరపై సార్జెంటుగాను, సార్జెంట్ మేజరైన లో అతనిపై కెప్టెన్‌గాను కనిపించడం విశేషం. 1969లో ప్రసారమైన ఒక ఎపిసోడ్ ఇంకా గాఢమైనది. మొదటి యుద్ధంలో తాను ఆయుధం పట్టడానికి నిరాకరించానని గాడ్‌ఫ్రే చెప్పగా సహచరులు అతనిని వెలివేస్తారు. తరువాత అతడు పొగలో చిక్కుకొన్న మానరింగ్‌ను కాపాడతాడు. సోమ్ యుద్ధంలో క్షతగాత్రులను మోసి పతకం పొందిన సంగతి అప్పుడు బయటపడుతుంది. ఆ పోరులో నిజంగా గాయపడిన రిడ్లీయే ఈ పాత్రను పోషించాడు.

భారతదేశంతో సంబంధం

పెర్రీ తరువాత సైన్యంలో బర్మాలోను, మహారాష్ట్రలోని దేవ్‌లాలీ స్థావరంలోను ఉండి, సైనికులకు వినోద ప్రదర్శనలు ఇచ్చే బృందంలో పనిచేశాడు. క్రాఫ్ట్ కూడా యుద్ధకాలంలో కొంతకాలం భారతదేశంలో ఉన్నాడు. ఆ అనుభవాలతో వీరిద్దరూ 'ఇట్ ఐంట్ హాఫ్ హాట్ మమ్' (1974–81) అనే మరొక ధారావాహిక రచించారు. అందులో భారతీయ సేవకుని పాత్రను మైకేల్ బేట్స్ అనే ఆంగ్ల నటుడు ముఖానికి రంగు పూసుకొని ధరించాడు. ఝాన్సీలో పుట్టిన బేట్స్ బర్మా యుద్ధంలో గూర్ఖా దళంలో పనిచేసినవాడే. అయినా ఈ పాత్ర చిత్రణ తరువాతి కాలంలో తీవ్ర విమర్శలకు గురయింది.

ఆదరణ

దేశరక్షణకు పూనుకొన్నవారిని అపహాస్యం చేసినట్లవుతుందేమోనని బి.బి.సి. అధికారులలో కొందరు మొదట సందేహించారు. ప్రేక్షకులు మాత్రం ఆదరించారు. 1968లో చూసిన నడివయసువారికి 1940 నాటి రోజులు స్వానుభవం. తరువాతి తరాలవారు ఆ యుద్ధాన్ని ఎరుగరు. పునఃప్రసారాల ద్వారా వారికి ఈ ధారావాహికే జ్ఞాపకమయింది. ఈ విధంగా గతం మీది మమకారం తరం నుండి తరానికి రూపు మార్చుకొంది.

1971లో దీని ఆధారంగా ఒక చలనచిత్రం, 2016లో మరొకటి వచ్చాయి. బాహ్యచిత్రీకరణ జరిగిన థెట్‌ఫర్డ్ పట్టణంలో 2010లో మానరింగ్ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. రెండవ సిరీస్‌లోని మూడు ఎపిసోడ్ల దృశ్యప్రతులు లభించనందున, 2019లో వాటిని కొత్త నటులతో మళ్ళీ చిత్రీకరించారు.

రిడ్లీ చివరి ఎపిసోడ్ నాటికి 81 ఏళ్ళవాడు, 1984లో మరణించాడు. క్లైవ్ డన్ 2012లో మరణించాడు. పైక్ పాత్రధారి ఇయాన్ లావెండర్ యుద్ధం ముగిశాక, 1946లో పుట్టినవాడు. దళంలోని ఏడుగురు ముఖ్య నటులలో చివరివాడైన ఇతను 2024లో కన్నుమూశాడు.